అమ్మమ్మ ఇంట్లో లేని రోజు

సారీజోన్ బస్తీ, బిష్కెక్
మార్చి నెల, గట్టు మీద మంచు కరుగుతున్న వారం

ప్రియమైన అమ్మకు,

కుడిచేతిని గుండెమీద ఉంచి, తల వంచి సలాం చేసి, నీ సిర్గా రాస్తున్న సంగతులు. ఉత్తరమన్నాక ముందు ఇక్కడి క్షేమం చెప్పి, తరువాత అక్కడి క్షేమం కోరాలి. నీ క్షేమం కోరుతున్నాను. ఇక్కడి క్షేమం ఒక్క వాక్యంలో ఒదిగేది కాదు కనుక దానిని దాని చోటులోనే రాస్తాను. తొందరపడి చివరి పుట తిప్పకు. నా వాదాన్ని మధ్యలోనుంచి వినేవాళ్ళంటే నాకు ఎంత కోపమో నీకు తెలుసు.

ఈ ఉత్తరం తెచ్చిన జూరా పెద్దమ్మ మాస్కో దాకా బస్సు ప్రయాణంలో ఎముకలు కదిలిపోయి నీ గుమ్మం ఎక్కి ఉంటుంది. ముందు ఆమెకు వేడిగా టీ ఇవ్వు. టీ తాగిందని పంపేయకు. నీవు చదవడం పూర్తయ్యేదాకా నీ పక్కనే కూర్చోమని అడిగాను, సరేనంది.

నీ కిందటి ఉత్తరంలోని ప్రశ్నలకు వరుసగా జవాబులు. "మళ్ళీ ఎవరితోనైనా వాదం పెట్టుకున్నావా?" అని అడిగావు. పెట్టుకున్నాను. ఈసారి మా అధ్యాపకులతో కాదు, ఒక సంఖ్యతో. గెలిచాను కూడా. బూట్ల సంగతి: నాకు పంపినవి సరిపోయాయి. అమ్మమ్మకు పంపినవి ఆమె వేసుకోలేదు. "నా కూతురు వచ్చిన రోజు తొడుక్కుంటా, అందాకా వాటి మీద మట్టి పడనివ్వను" అని పెట్టెలో దాచింది. ఇక, ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని అడిగావు. లేడు. ఎర్మెక్ అనే సర్వే కుర్రవాడి గురించి పక్కింటి మైరామ్ పిన్ని నీకేదైనా చేరవేసి ఉంటే నమ్మకు. అతను మన బస్తీలో మనసు పారేసుకున్నది ఆప్రికాట్ జామ్ మీద మాత్రమే.

మిగిలింది ఒక్క ప్రశ్న. దానిని నీవు ఉత్తరంలో మూడు చోట్ల రాశావు. అమ్మమ్మ దగ్గు ఎలా ఉంది, ఫోను దగ్గరికి ఎందుకు రావడం లేదు అని. దానికి జవాబు చెప్పాలంటే సెప్టెంబరు నుంచి మొదలుపెట్టాలి.

సెప్టెంబరులో ఒక పరిశోధక బృందం ఐదు నగరాలను కొలవడానికి పూనుకుంది. బిష్కెక్, ఓష్, కరాకోల్, నరీన్, తలాస్. ఏ నగరంలో మనుషులు ఎట్లా బతుకుతున్నారు, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరమెంత అన్నది ఇల్లిల్లూ తిరిగి అడిగి లెక్కగట్టడం వాళ్ళ పని. ప్రతి నగరంలోనూ లెక్కలో అట్టడుగున తేలిన బస్తీకి అన్నిటికంటే ముందు గ్యాసు గొట్టం వేస్తామని ప్రకటన వచ్చింది. పెద్ద గొట్టం మన గట్టు వెనకనుంచే పోతున్నదని నీకు తెలుసు కదా. అక్కడినుంచి మన సందులోకి ఒక పాయ తీస్తే చాలు.

ఆ పాయ నాకెందుకు అంత ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. నీకు చెప్పవద్దని అమ్మమ్మ నాచేత రొట్టె మీద ఒట్టు వేయించింది. క్లినిక్ డాక్టరమ్మ వేసవిలోనే అన్నది: "అవ్వా, బొగ్గుపొయ్యి పక్కన ఇంకో చలికాలమో రెండో గడిపావంటే ఈ ఊపిరితిత్తులకు నేను మందు రాయలేను." మన సందులోకి గ్యాసు రావడమంటే నా దృష్టిలో నగరాభివృద్ధి కాదు. అమ్మమ్మ ఊపిరి.

ఎర్మెక్ మన ఇంటికి వచ్చిన రోజు నీవు చూసి ఉండాల్సింది. అతని కంటే ముందు మైరామ్ పిన్ని గొంతు గోడ దూకి వచ్చింది.

"బురుల్ అవ్వా! సర్వే అబ్బాయి మా ఇంట్లో లేచాడు, బూట్లు తొడుక్కుంటున్నాడు. గిన్నె పట్టు, పట్టు!"

అది మైరామ్ పిన్ని పెళ్ళినాటి గాజుగిన్నె, అడుగున పగులున్నది. దానిలో జామ్. దాని వెనకే వెన్నముద్ద, ఎండుద్రాక్ష పళ్ళెం, కుబాత్ మామయ్య పండుగకని పంపగా దాచి ఉంచిన గుర్రపుమాంసం ముక్కలు. సందు మొదటి ఇంట్లో బయలుదేరిన ఆ విందు అతిథికంటే ఒక అడుగు ముందుగా గోడల మీదుగా ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. ఎర్మెక్ లోపలికి అడుగుపెట్టేసరికి నేలమీది మన దస్తర్‌ఖాన్ బట్ట కనబడనంతగా పళ్ళేలు పరిచి ఉన్నాయి.

"పైవరసలో కూర్చో నాయనా. గుమ్మం దగ్గర కూర్చుంటే మా పరువేం కాను?"

"అవ్వా, తినడానికి రాలేదండీ, ప్రశ్నలు అడగాలి..."

"ప్రశ్నలేం పారిపోతాయా? వెన్న కరిగిపోద్ది. తిను."

"మాంసం వారానికి ఎన్నిసార్లు వండుతారండీ?"

"నీ ముందున్నదేంటి, గుమ్మడికాయా?"

"చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంటుందా?"

"నీలాంటి పిల్లలు వస్తా పోతా ఉంటే ఎందుకుండదు?"

"అంటే... అవును అని వేసుకోనా?"

"వేసుకో, వేసుకో. టీ చల్లారిపోతోంది."

"ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా జబ్బుందా?"

అమ్మమ్మకు దగ్గు తెర వచ్చింది. తలగుడ్డ అంచును నోటికడ్డం పెట్టుకొని దాన్ని మింగింది. మింగి, "జబ్బులు మా శత్రువులకుండాలి" అన్నది.

"ఆఖరి ప్రశ్న అవ్వా. మొత్తం మీద మీ జీవితం మీకెంత తృప్తిగా ఉంది? ఒకటినుంచి పదిలోపు ఎంత వేయమంటారు?"

"పదేనా ఉంది? ఆపైన లేదా?"

నేను సమోవార్ పక్కన కూర్చొని గిన్నెల్లో టీ పోస్తున్నాను. విశ్వవిద్యాలయ సభల్లో ఎవరి మాటకైనా అడ్డుపడే నేను, అతిథి ఎదుట ఇంటి పెద్ద చెప్పిన మాటను కాదనలేకపోయాను. అలా కాదనడం మన సందులో ఏ పిల్లా చేయదు. ఎర్మెక్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ మెల్లగా అడిగాడు: "ఒక సందేహం. మీ బస్తీలో అందరూ ఒకే కొట్లో కొంటారా? ప్రతి ఇంట్లో అదే గాజుగిన్నె, అదే జామ్!"

"చవగ్గా వస్తుందిలెండి" అన్నాను. అతను దాన్ని కూడా రాసుకున్నాడు.

నవంబరులో ఫలితాలు మా విశ్వవిద్యాలయ సభామందిరంలో చదివారు. అసమానతకు వాళ్ళ దగ్గర ఒక కొలత ఉంది. సున్నా అంటే అందరూ సమానం, ఒకటి అంటే సర్వమూ ఒక్కడిదే. ఐదు నగరాల్లోనూ సున్నాకు అతి సమీపంలో ఉన్న నగరం బిష్కెక్ అట! మన సారీజోన్ బస్తీకి "సంతృప్తికరం" అని పేరు. గొట్టం రాదు.

అమ్మా, పొగ కింద పడుకొని లేచే వాళ్ళకు సంతృప్తి ఉందని వినడానికి నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. లేచి, మైకు లాక్కున్నాను. కొండవైపు ఎగువ వీధుల్లో సర్వే ఎట్లా జరిగిందో ముందే ఎర్మెక్‌ని అడిగి తెలుసుకొని సభకు వెళ్ళాను. ఇనుపగేట్లు చాలామటుకు తెరుచుకోలేదు. తెరిచిన కొద్దిచోట్ల, కారు కడిగిస్తూ నిలబడ్డ యజమాని "రోజులు బాగోలేవు తమ్ముడూ, వ్యాపారం మునిగిపోయింది" అని చెప్పి పంపాడు.

"ఉన్నవాడు లేదన్నాడు. లేనివాడు ఉందన్నాడు. మీరు ఆ రెండు మాటలనూ కూడి, సగం చేసి, దానికి సమానత్వమని పేరు పెట్టారు" అన్నాను. సభ చప్పట్లతో దద్దరిల్లింది. నేను ఆగలేదు. "మాస్కోనుంచి మా ఇంటికి వచ్చే డబ్బుకు మీరు మార్కులు వేశారు. ఆ డబ్బు పంపే మనిషిని నేను నాలుగేళ్ళుగా చూడలేదు. ఆ లోటుకు మీరు మార్కులు ఎక్కడ తగ్గించారో చూపించండి!"

ఆ మాట సభకోసం సిద్ధం చేసుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాక నా గొంతే నాకు కొత్తగా వినబడింది.

బృందానికి పెద్ద బెకోవా మేడమ్. నెరిసిన జుట్టు, బొంగురు గొంతు. చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, "అమ్మాయ్, నీ వాక్యాలు బాగున్నాయి. నాకు వాక్యాలొద్దు. మీవాళ్ళు నా మనిషికి అబద్ధమెందుకు చెప్పారో అది చెప్పు" అన్నారు.

"అబద్ధం కాదు మేడమ్. మర్యాద."

"మర్యాదను ఏ గడిలో వేయమంటావు?"

అడిగిన ఆవిడే కాగితాలు సర్దుకొని, తగ్గుస్వరంతో, "మా అమ్మైనా అట్లాగే చెప్పేది. సరే. డిసెంబరులో ఎర్మెక్‌ని మళ్ళీ పంపుతా. మీవాళ్ళచేత నిజం చెప్పించడం నీ పూచీ" అన్నారు.

ఆనాడు నేను ఇంటికి నడవలేదమ్మా, ఎగిరివచ్చాను.

బస్తీలో ఇల్లిల్లూ తిరిగాను. అందరిదీ ఒకటే మాట: బురుల్ అవ్వ ఎట్లా చేస్తే మేమూ అట్లాగే. బస్తీకి పెద్ద ఆమె. కాబట్టి మొత్తం వ్యవహారమూ మన పొయ్యి పక్కకే వచ్చి ఆగింది.

"దస్తర్‌ఖాన్ పరచవద్దు. అరువు గిన్నెలు తేవద్దు. అడిగిందానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. అంతే అమ్మమ్మా."

"అంటే, గడప తొక్కిన బిడ్డని ఖాళీ నోటితో పంపమంటావు."

"అతను బిడ్డ కాదు, సర్వే చేసేవాడు."

"సర్వే చేసేవాడికి నోరుండదా?"

"నీ ఊపిరి కోసం అడుగుతున్నాను!"

"నా ఊపిరికోసం నన్ను అడుక్కుతినేదాన్ని చేస్తావా? యుద్ధం రోజుల్లో మా అమ్మ గోధుమలు లేక బార్లీ పొట్టు దంచింది. ఆ పొట్టు రొట్టె కూడా అతిథి ముందు పెట్టాకే మేం తిన్నాం. తెలుసా నీకు? ఏం చదువుతున్నారే మీరక్కడ?"

"అక్కడ చదివేది ఇదే. నీ గొప్ప నిన్ను చంపుతోందని" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె లేచి వెళ్ళి నావైపు వీపు పెట్టి పడుకున్నది. దగ్గు వచ్చినప్పుడల్లా, నాకు వినబడకూడదని, దిండులో ముఖం దాచుకున్నది.

మర్నాడు తెల్లవారి రొట్టె విరుస్తూ, నిన్న ఏమీ జరగనట్టు అడిగింది: "ఇంటి పెద్ద ఇంట్లో లేనప్పుడు అతిథి వస్తే ఏం చేస్తారు?"

"గుమ్మంలోనే రొట్టె ముక్క నోట పెట్టించి పంపుతారు. పెద్దలు లేరు, మళ్ళీ రండి అంటారు."

"అది తప్పా?"

"తప్పు కాదు."

"మరింకేం. నేనింట్లో ఉండి పరచకుండా ఉండలేను. నా చేతులూరుకోవు. అందుకని నేనింట్లో ఉండను. కాలీచా ఉండదు. ఈ సందులో ముసలిది ఒక్కతి కూడా ఉండదు. మీ కుర్రపిల్లలు మీ ఇష్టమొచ్చిన నిజం చెప్పుకోండి."

నేను ఆమెను కౌగిలించుకొని గిరగిర తిప్పాను. ఎన్ని గ్రంథాలు తిరగేసినా నాకు దొరకని తర్కం రొట్టె విరుస్తూ ఆమెకు దొరికింది. మర్యాదా చెడదు, లెక్కా తప్పదు. నా సంతోషం ఎంతటిదంటే, వాళ్ళు ఎక్కడికి వెళతారు, ఎంతసేపు ఉంటారు, ఏం కప్పుకుంటారు అన్నది నేను అడగనే లేదు.

వాళ్ళు గట్టెక్కారు.

లెక్క రోజున ఉదయమే బస్తీలోని అవ్వలంతా శాలువాలు చుట్టుకొని, చేతుల్లో ఉన్ని, అల్లికసూదులు పట్టుకొని బస్తీ వెనక గట్టుమీద వరుసగా కూర్చున్నారు. ఎవరింటికి వెళ్ళి కూర్చున్నా ఆ ఇంటికి అతిథి వస్తాడు కనుక ఇంకెక్కడా కూర్చోవడానికి లేదు. నేను ఫ్లాస్కులో టీ పట్టుకొని వెళ్ళేసరికి ఒకటే నవ్వులు.

"ముసలోళ్ళంతా ఇళ్ళొదిలి లేచిపోయారని రేపు పేపర్లో వేస్తారే" అంటోంది కాలీచా అవ్వ.

"లేచిపోడానికి మొగుళ్ళేరీ?"

"అందుకే గాలితో లేచిపోయాం. చూడు ఎట్లా లాక్కుపోతోందో!"

అమ్మమ్మ కాళ్ళకు పాత రబ్బరు జోళ్ళే ఉన్నాయి. నేను చూశాను. నేను నోరు తెరిచేలోపే ఆమె గదిమింది: "నువ్విక్కడికి రాకు, పో. ఆ అబ్బాయి చూస్తే పిలవాల్సొస్తుంది."

ఎర్మెక్‌తో ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి గాజుగిన్నె గోడ దాటలేదు. కోడళ్ళు, కూతుళ్ళు గుమ్మంలో నిలబడి రొట్టె ముక్క అందించి, తలదించుకొని నిజం చెప్పారు. పొయ్యి ఒక్క గదిలోనే. బొగ్గు అయిపోతే పాత టైర్లు. పిల్లలకు పాలు అప్పుడప్పుడు. మైరామ్ పిన్ని చెబుతూ చెబుతూ ఏడ్చేసింది, "ఇవన్నీ ఒకచోట పెట్టి ఎప్పుడూ అనుకోలేదమ్మా" అని. ఎర్మెక్ చేతిలోని రొట్టెను చాలా ఇళ్ళలో తినలేక జేబులో పెట్టుకున్నాడు. మధ్యలో తల ఎత్తి గట్టువైపు చూసి, "ఆ మంచులో కూర్చున్నదెవరు?" అని అడిగాడు.

"మా మర్యాద" అన్నాను. అప్పటికి ఆ వాక్యం నాకు చాలా నచ్చింది కూడా.

మన ఇంట్లో నేనే జవాబులు చెప్పాను. ఊపిరి జబ్బు ఉంది. రాత్రిళ్ళు గోడలకు లోపలివైపే మంచు పడుతుంది. తృప్తి ప్రశ్న దగ్గర అతను ఆగాడు: "పోయినసారి అవ్వ పది కూడా చాలదంది. ఇప్పుడెంత వేయను?"

"అది ఇంటి పెద్దను అడగాల్సింది. ఇంటి పెద్ద ఇంట్లో లేదు."

అతను ఆ గడిని ఖాళీగా వదిలేశాడు.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది, మంచుపొడి లేచింది. మిగతా అవ్వలు ఒక్కొక్కరే తమ ఇంటి లెక్క అయిపోగానే దిగి వెళ్ళిపోయారు. అమ్మమ్మ దిగలేదు. చివరి ఇంటి లెక్క పూర్తయి, ఎర్మెక్ బస్సెక్కి, బస్సు మలుపు తిరిగేదాకా దిగలేదు. సందులో అతను ఎదురైతే ఇంటికి పిలవకుండా దాటిపోవడం ఆమెకు చేతకాదు. ఆమె వచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. పొయ్యి దగ్గరకు తీసుకుపోతుంటే అడిగిన మొదటి మాట:

"ఆ బిడ్డ ఏమన్నా తిన్నాడా?"

"రొట్టె నోట పెట్టుకున్నాడు."

"ఒఠ్ఠి రొట్టేనా?"

అమ్మా, ఆమె ముఖం అప్పుడు ఎట్లా ఉన్నదో నేను రాయలేను. జీవితంలో మొదటిసారి ఆమె గడపనుంచి ఒక మనిషి ఆకలితో వెళ్ళాడు. ఆమె ఇంట్లో లేదు కనుక అది తప్పు కాదని తర్కం చెబుతుంది. ఆ తర్కం ఆమే చేసింది. అయినా ఆమె దానిని నమ్మలేదు.

ఇప్పుడు జూరా పెద్దమ్మ చేయి పట్టుకో.

జ్వరం ఆ రాత్రే వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాను. ఛాతీలో నెమ్ము పట్టిందన్నారు; పొగతిన్న ఊపిరితిత్తులు దానిని మోయలేకపోయాయి. జనవరి మొదటి వారంలో అమ్మమ్మ పోయింది. చివరి మాటలు గొప్పవేమీ కావు. కిటికీ సందులోంచి గాలి వస్తోంది, గుడ్డ కుక్కమన్నది. కుక్కి తిరిగి చూసేసరికి లేదు.

ఆ మధ్యాహ్నం నీవు ఫోను చేశావు. ముంగిట అమ్మమ్మను ఉంచడానికి గుడారం వేస్తున్నారు, గుంజలు పాతుతున్న చప్పుడు నీకూ వినబడి, "ఏంటే ఆ చప్పుడు?" అని అడిగావు. పక్కింట్లో పెళ్ళి అన్నాను. "అమ్మకివ్వు ఒకసారి" అన్నావు. "నిద్రపోతోందమ్మా, లేపనా?" అని నేనే అడిగాను. "వద్దులే, పడుకోనీ" అన్నావు. ఆనాటినుంచి అమ్మమ్మ స్నానానికి వెళ్ళింది, మైరామ్ పిన్ని ఇంటికి వెళ్ళింది, నరీన్‌లో మామయ్య దగ్గరికి వెళ్ళింది. ఎదుటివాడి అబద్ధాన్ని ఒక్క ప్రశ్నతో చీల్చగలనని పేరున్న నేను, నీ ప్రశ్నలకు ఇన్ని అబద్ధాలు నేర్చుకున్నాను.

నిర్ణయం కుబాత్ మామయ్యది, పెద్దలది. "చెల్లెలికిప్పుడు చెబితే రేపే బయలుదేరుద్ది. దాని కాగితాలు సరిగ్గా లేవు. సరిహద్దు దాటిందంటే మళ్ళీ లోపలికి రానివ్వరు. నీ చదువెవరు చెప్పిస్తారే? నువ్వు చెప్పు, మాటకారివి గదా!" అన్నాడు. నీవు నీ తల్లిని చివరిసారి చూడకుండా పోయింది నా చదువు కోసమమ్మా. చావు కబురును ఫోనులో చెప్పకూడదు, పదిమంది పెద్దలు చుట్టూ కూర్చొని మెల్లగా పాత మాటలతో వినిపించాలి అన్నారు. కూతురికి కూతురే చెప్పాలని నేను పట్టుబట్టాను. చివరకు వాళ్ళు సగం దిగారు, నేను సగం దిగాను. అందుకే ఈ ఉత్తరం, అందుకే నీ పక్కన పెద్దమ్మ.

గుడారంలో ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చొని శోకాలు పెట్టారు. కూతురి చోటు ఖాళీగా ఉంది. "కూతురేది? తల్లిని పొగిడి ఏడవడానికి కూతురు లేదా?" అని దూరపు బంధువొకామె గట్టిగానే అడిగింది. మైరామ్ పిన్ని నన్ను ఆ చోటులోకి తోసి, "నువ్వు ఏడు. నీకు మాటలొచ్చుగా" అన్నది. రాలేదమ్మా. ఒక్క మాట రాలేదు. నేను ఇంతకాలం నేర్చుకున్న మాటల్లో ఎదుటివాడిని ఓడించేవే ఉన్నాయి. ఎదుట ఎవరూ లేనప్పుడు వాటితో ఏం చేయాలో తెలియలేదు.

బెకోవా మేడమ్ నలభయ్యో రోజు భోజనాలకు స్వయంగా వచ్చారు. మన బస్తీ ఇప్పుడు అట్టడుగు వరుసలో ఉందట. బిష్కెక్ సున్నాకు దూరంగా జరిగిందట. మిగతా నాలుగు నగరాల లెక్కలకూ జామ్ అంటుకొనే ఉంటుందని, మళ్ళీ తిరిగి కొలుస్తామని అన్నారు. ఇంటి ఆదాయాన్ని ఇంట్లోని తలలతో భాగిస్తారని నాకు పాఠంలో చెప్పారు. ఆవిడ దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని తింటుంటే నాకు ఆ లెక్క తట్టింది. అమ్మమ్మ పోయింది కనుక మన తలసరి ఆదాయం రెట్టింపయింది. ఆ కొలతలో మన ఇల్లు బాగుపడింది. ఆవిడకు ఆ మాట చెప్పాను. ఆవిడ చేతిలో ముక్కను కింద పెట్టేశారు. జీవితంలో మొదటిసారి ఒక వాదంలో గెలిచినందుకు నాకు సిగ్గు వేసింది.

పోయిన వారం గొట్టం మన సందులోకి వచ్చింది. బర్నర్ వెలిగించారు. పొగ లేదు. గోడలమీద తడి ఆరిపోయింది. ఇదీ ఇక్కడి క్షేమం: ఇల్లు వెచ్చగా ఉంది, దానిలో నేనొక్కదాన్నే ఉన్నాను, సాయంత్రమైతే లోపలికి రాబుద్ధి కాక గ్రంథాలయం మూసేదాకా కూర్చుంటున్నాను.

నేను ఒకటి అడుగుతాను. నీవు ఫోను చేసినప్పుడల్లా, "నేను బాగున్నా, తిండికి లోటు లేదు, పని తేలిక, గది వెచ్చగా ఉంది" అంటావు. నాలుగేళ్ళుగా అవే మాటలు, అదే వరుసలో. అమ్మమ్మ కూతురివి కదా! ఇన్నాళ్ళూ నేను వాటిని రాసుకుంటూ పోయాను, ఎర్మెక్ లాగే. ఇక నా ముందు అరువు గిన్నెలు పెట్టకు. నేను అతిథిని కాను. నడుము నొప్పి ఎంత ఉందో రాయి. ఆ గదిలో ఎంతమంది పడుకుంటారో, నీకు మంచం ఉందో నేలే దిక్కో రాయి. ఏ రోజు ఎవరు నిన్ను ఏ మాట అన్నారో రాయి. ఇంటికి రావాలని ఉంటే ఉన్నదని రాయి. నా చదువును నేను చూసుకుంటాను, దానికి ఇంతకంటే ఖరీదు కట్టడం నాకు ఇష్టం లేదు.

అది రేపు రాయవచ్చు. ఇప్పుడు ఏడువమ్మా. గది నిండా మనుషులున్నారని తలగుడ్డ నోట్లో కుక్కుకోకు. నాకు చేతకాని శోకం నీకు వచ్చు. వాళ్ళందరికీ వినబడేటట్టు, గట్టిగా, పేరు పెట్టి పిలిచి ఏడువు.

ఇట్లు,
అబద్ధం చెప్పిన నోటితోనే నిన్ను రమ్మని అడుగుతున్న
నీ కూతురు,
సిర్గా